బాలనాగమ్మ పన్నెండేళ్లు

దక్షిణ తెలంగాణలో పానగల్లు పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి నల్లగొండ పక్కనే, ఉదయసముద్రం చెరువు దగ్గర, ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వర ఆలయాలున్న ఊరు. 11, 12 శతాబ్దాల్లో కందూరు చోడులు ఏలిన చోటు. రెండోది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది. గుట్టల మీద ఖిల్లా ఉన్న ఊరు. 2016లో జిల్లాలు విడగొట్టాక వనపర్తిలో చేరింది. బాలనాగమ్మ మా కోటలోనే కాపురం చేసిందని నల్లగొండ వాళ్లంటారు, కాదు మా ఖిల్లాలోనే అని పాలమూరు వాళ్లంటారు. ఆ తగువు తీర్చడం ఈ వ్యాసం పని కాదు. ఒక ఆడమనిషి కథ కోసం రెండు ఊళ్లు పోటీ పడుతున్నాయంటే ఆ కథ ఇక్కడి మనుషులకు ఎంత దగ్గరిదో తెలుస్తుంది. నాకు కావలసింది అంతవరకే.

చరిత్ర పుస్తకాల్లో ఈ నేల ఆడవాళ్లకు దొరికిన చోటు చాలా చిన్నది. కాకతీయ సామ్రాజ్యాన్ని ఏలిన రుద్రమదేవి అంతటి మనిషి ఎప్పుడు చనిపోయిందో మనకు తెలిసింది నకిరేకల్ దగ్గరి చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు 1289లో వేయించిన శాసనం వల్ల. రాణికే ఒక బంటు నిలబెట్టిన రాయి ఆధారమైతే, రాయి కూడా లేనివాళ్లకు కథలే దిక్కు. అందుకే బాలనాగమ్మ కథను చరిత్రగా చదవాలని నా పట్టు. పానగల్లును నిజంగా ఏ రాజు ఏలాడన్న అర్థంలో కాదు. ఆ కథ ఎవరి నోట ఎలా ఉంది, ఎవరి చేతిలో ఏమైంది అన్న అర్థంలో.

కథ అందరికీ తెలిసిందే, అయినా ఒకసారి తలుచుకుందాం. నవభోజరాజు భార్య భూలక్ష్మికి జటంగి ముని వరంతో ఏడుగురు ఆడపిల్లలు పుడతారు. తల్లి చనిపోతుంది. సవతి తల్లి పోరుతో పిల్లలు అడవిపాలవుతారు. ఒక రాజు కొడుకులు ఏడుగురు ఆ ఏడుగురినీ పెళ్లాడతారు. చిన్నది బాలనాగమ్మ, ఆమె మగడు కార్యవర్ధిరాజు. అతను యుద్ధానికి పోయిన వేళ మాయల ఫకీరు భిక్షకొచ్చి, ఉయ్యాలలో పసిబిడ్డ ఉండగానే ఆమెను కుక్కను చేసి నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుకుతూ వచ్చిన మగడూ అతని అన్నలూ రాళ్లవుతారు. ఫకీరు పెళ్లాడమంటాడు. వ్రతం పట్టానని, అది తీరేదాకా తాకరాదని ఆమె అతన్ని ఆపుతుంది. పన్నెండేళ్లంటారు కొందరు, పద్నాలుగంటారు కొందరు. పెద్దమ్మల దగ్గర పెరిగిన కొడుకు బాలవర్ధిరాజు తల్లిని వెతుక్కుంటూ వచ్చి, పూలమ్మే తంబళ్ల పెద్ది ఇంట దిగి, తల్లిని కలుస్తాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్న రహస్యం తల్లి రాబడుతుంది. కొడుకు చిలకను తెస్తాడు. ఫకీరు చస్తాడు. రాళ్లు మనుషులవుతాయి.

మా ఇంట్లో ఈ కథ చెప్పింది మా అమ్మమ్మ. నల్లగొండ జిల్లా మెట్ట ఊరు ఆమెది. ఒక్క రాత్రిలో ముగించేది కాదు. చిలక కోసం పోయే భాగం మా తమ్ముళ్ల కోసం గబగబా చెప్పేసేది. ఆమె నిదానంగా చెప్పింది గట్టు మీది పన్నెండేళ్లు. పొద్దుగూకంగానే వాడు రావడం, ఈమె ఆ పూటకో సాకు వెతకడం, వ్రతానికి ఇంకో నియమం కలపడం, వాడు గొణుక్కుంటూ పోవడం. ఒకే సంగతి పది తీర్లు చెప్పేది. వింటున్న ఆడపిల్లలకు అది విసుగనిపించేది కాదు. ఫకీరు దగ్గర ముందునుంచీ ఉన్న సంగు సంగతేమిటని అడిగితే, "దానిదీ అదే గోస బిడ్డా" అనేది. కథలో సంగును వగలాడిగా చెబుతారని నాకు తర్వాత తెలిసింది. మా అమ్మమ్మ నోట ఆమె కూడా ఒకప్పుడు ఎత్తుకొచ్చిన మనిషే.

ఇప్పుడు మరో ఆడమనిషి దగ్గరకు పోదాం. 1868లో లండన్‌లో 'ఓల్డ్ దక్కన్ డేస్' అనే కథల పుస్తకం అచ్చయింది. సేకర్త మేరీ ఫ్రేర్, బొంబాయి గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ కూతురు. తండ్రి వెంట దక్కన్ ప్రాంతంలో ప్రయాణిస్తూ తన ఆయా చెప్పిన కథలను రాసుకుంది. ఆ ఆయా పేరు ఆనా లిబెరాతా డిసౌజా. పుస్తకంలో మొదటి కథ 'పంచ్‌కిన్'. అందులోనూ రాజుకు ఏడుగురు కూతుళ్లు, చిన్నదాని పేరు బాల్నా. సవతి తల్లి బాధ, అడవి, ఏడుగురు రాకుమారులతో పెళ్లి. ఫకీరు రూపంలో వచ్చిన మాంత్రికుడు బాల్నాను నల్ల కుక్కపిల్లను చేసి తీసుకుపోతాడు. మగడు, బావలు రాళ్లవుతారు. పన్నెండేళ్ల చెర. కొడుకు తోటమాలి ఇంట దిగుతాడు, ఆడపిల్ల వేషంలో పూలు తీసుకుని తల్లిని చేరతాడు. ప్రాణం చిలకలో. ఇది బాలనాగమ్మ కథేనని వేరే చెప్పనక్కరలేదు. 1892లో జోసెఫ్ జాకబ్స్ దీన్ని తన భారతీయ అద్భుత కథల పుస్తకంలో చేర్చాడు. జేమ్స్ ఫ్రేజర్ 'గోల్డెన్ బౌ'లో ప్రాణాన్ని దేహం బయట దాచుకోవడం అనే నమ్మకానికి ఉదాహరణగా తీసుకున్నాడు. అట్లా మన మెట్ట ఊళ్ల కథ ఇంగ్లీషు పిల్లల మంచాల పక్కకూ, మానవశాస్త్రుల బల్లల మీదకూ చేరింది. అట్ట మీద పేరు మాత్రం మేరీ ఫ్రేర్‌ది. లోపల ఆనా తన బతుకు తాను చెప్పుకున్న కొన్ని పుటలున్నాయి. మగడు పోయాక ఆయాగా పనిచేసి పిల్లల్ని పెంచుకున్న మనిషి. కథలు తన అమ్మమ్మ నోట విన్నానంటుంది.

ఆనా చెప్పిన రూపంలో మూడు సంగతులు నన్ను పట్టుకున్నాయి. మొదటిది, ఆకలి. సవతి తల్లి మాడ్చిన పిల్లలు చచ్చిపోయిన తల్లి సమాధి దగ్గరకు పోయి ఏడిస్తే అక్కడ పంపరపనస చెట్టు మొలిచి వాళ్లకు తిండి పెడుతుంది. చనిపోయి కూడా పిల్లలకు వండిపెట్టే తల్లి. రెండోది, గీత లేకపోవడం. మన దగ్గర చాలామంది చెప్పే తీరులో మగడు పోతూ పోతూ గీత గీసి, దాటవద్దంటాడు. బాలనాగమ్మ భిక్ష వేయడానికి దాటుతుంది. సీత కథ నుంచి వచ్చి చేరిన ఈ గీతతో తప్పు ఆమె మీదకు మళ్లుతుంది. ఎత్తుకుపోయిన వాడి కన్నా గడప దాటిన కాలు ముందు కనబడుతుంది. ఆనా కథలో గీత లేదు, ఎత్తుకుపోయినవాడే ఉన్నాడు. మూడోది, కోపం. ఆనా బాల్నా వ్రతం పేరు చెప్పదు. పన్నెండేళ్లూ మాంత్రికుడితో కోపంగానే మాట్లాడుతుంది. ఒప్పుకోనందుకే ఆమెను బురుజులో బంధించాడు. చివర్లో రహస్యం కోసం మాత్రమే గొంతు మారుస్తుంది. వ్రతమైనా కోపమైనా రెండూ మాటతో చేసిన యుద్ధాలే. ఒకటి దేవుడి పేరు అడ్డం పెట్టుకుంటుంది, ఒకటి దేన్నీ అడ్డం పెట్టుకోదు.

కథ తెర మీదకు వచ్చింది 1942లో. అప్పటికే సురభి నాటక సమాజాలు దాన్ని రంగస్థల మాయలతో ఊరూరా ఆడాయి. జెమినీ సంస్థ తరఫున ఎస్.ఎస్. వాసన్ నిర్మించిన 'బాలనాగమ్మ'కు సి. పుల్లయ్య దర్శకుడు. కాంచనమాల బాలనాగమ్మ, బందా కనకలింగేశ్వరరావు కార్యవర్ధిరాజు, పుష్పవల్లి సంగు, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. సినిమా బాగా ఆడింది. 1954లో వాసనే మధుబాలతో హిందీలో 'బహుత్ దిన్ హుయే'గా తీశాడు. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అంజలీదేవి, ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావులతో మళ్లీ తెలుగులో వచ్చింది.

పిల్లల కథను సినిమా భయానకం చేసిందని అనడం తేలిక. నా వాదన వేరు. ఎత్తుకుపోవడం, మనిషిని కుక్కను చేయడం, బలవంతపు పెళ్లి బెదిరింపు, రాళ్లయిన మగవాళ్లు, ఇవన్నీ అవ్వల నోటనే ఉన్నాయి. చీకటి అక్కడి నుంచే వచ్చింది. సినిమా మార్చింది ఆ చీకట్లో దీపం ఎవరి చేతిలో ఉందన్నది. నాటకానికీ సినిమాకీ మాయలు కావాలి. మనిషి కుక్కవడం చూపించదగ్గ మాయ. చిలక కోసం సముద్రాలు దాటడం చూపించదగ్గ సాహసం. ప్రతి సాయంత్రం ఒక ఆడమనిషి మాటల్తో ఒక మగవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపడం మాయ కాదు, అందులో వేషం మారదు, దృశ్యం మారదు. కాబట్టి పన్నెండేళ్లు గడిచాయని ఒక ముక్కలో తేల్చి, కన్నీళ్లతో, పాటతో సరిపెట్టుకోవచ్చు. కథ పేరు ఆమెది. జనం గుర్తుపెట్టుకున్నది గోవిందరాజులనూ రంగారావునూ. వాళ్ల నటన గొప్పది కాదని నేననను. ఆ వేషానికి అంత చోటు వచ్చింది ఎవరి చోటు తగ్గించి అన్నదే ప్రశ్న.

పేరు మార్పును కూడా తీసిపారేయలేం. బుర్రకథల్లో మాయల ఫకీరు, సినిమాలో మాయల మరాఠీ. ఎందుకు మార్చినా, రెండు పేర్లూ ఒకే పని చేస్తాయి. ఆడవాళ్లను ఎత్తుకుపోయేవాడు బయటివాడు, వేరే మతంవాడో వేరే దేశంవాడో అయివుంటాడు. మన కోటలోని మగవాళ్లు రక్షకులు, లేకుంటే రాళ్లు. ఈ నమ్మకం నల్లగొండ, పాలమూరు ఆడవాళ్ల అనుభవానికి ఎంత దూరమో తర్వాత చెబుతాను.

ఒక్క మాట కాంచనమాల గురించి. 'మాలపిల్ల' (1938)తో తెలుగు ప్రేక్షకుల గుండెల్లో నిలిచిన నటి. 'బాలనాగమ్మ' తర్వాత కథానాయికగా తిరిగి రాలేదు. నిర్మాణ సంస్థతో ఒప్పందపు తగాదా, ఆ తర్వాత మానసిక అనారోగ్యం గురించి సినీ చరిత్రకారులు రాశారు. 1981లో చనిపోయింది. చెరలో ఉన్న నాయికకూ ఆ వేషం కట్టిన నటికీ పోలిక కట్టి ఒక వాక్యం అందంగా రాయవచ్చు. అది నాకిష్టం లేదు. ఆమె బతుకు ఉపమానం కాదు. అంత పేరున్న నటి అట్లా మాయమైతే మన సినిమా చరిత్ర దాన్ని విషాద గాథగా చెప్పుకుని ఊరుకుంది, శ్రమకు, ఒప్పందానికి సంబంధించిన ప్రశ్నగా అడగలేదు. నా అభ్యంతరం అక్కడ.

మరి ఈ కథల్ని ఇంకో తీరుగా తెరకెక్కించడం కుదురుతుందా? కుదురుతుందనడానికి నాకు దొరికిన సాక్ష్యం మన దేశపుది కాదు. డేవిడ్ కాప్లాన్ అనే అమెరికన్ దర్శకుడు 1997లో తీసిన 'లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్'. నలుపు తెలుపుల్లో 12 నిమిషాల సినిమా. పిల్లగా క్రిస్టినా రిచీ, తోడేలుగా ఒక బాలే నర్తకుడు, కథ చెప్పే గొంతు క్వెంటిన్ క్రిస్ప్‌ది, వెనక డెబ్యుసీ సంగీతం.

ఎర్ర టోపీ పిల్ల కథకూ మన కథ లాంటి చరిత్రే ఉంది. 1697లో ఫ్రెంచి రచయిత పెరో అచ్చు వేసినప్పుడు తోడేలు పిల్లను మింగేసింది, అక్కడితో కథ అయిపోయింది. అపరిచితుల మాట వినే ఆడపిల్లలకు ఇదే గతి అని నీతి చేర్చాడు. 1812లో గ్రిమ్ సోదరులు వేటగాణ్ణి తెచ్చి ఆమెను బతికించారు. ఒకరు శిక్ష వేశారు, ఒకరు రక్షకుణ్ణి పంపారు. కానీ ఫ్రాన్సు పల్లెల్లో సేకరించిన మౌఖిక రూపంలో నీతీ లేదు, వేటగాడూ లేడు. అడవిలో సూదుల బాట, గుండుసూదుల బాట అని రెండు దారులుంటాయి. కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లల లోకం అదని పరిశోధకురాలు ఇవాన్ వెర్దియే వివరించింది. తోడేలు అవ్వను చంపి ఆమె మాంసాన్నే పిల్ల చేత తినిపిస్తుంది. పక్కన చేరాక పిల్లకు సంగతి అర్థమై, బయటికి పోయి రావాలంటుంది. తోడేలు కాలికి తాడు కట్టి పంపుతుంది. ఆమె ఆ తాడును చెట్టుకు కట్టి ఇంటికి పరుగెత్తుతుంది. అంతే కథ. గొడ్డలి లేదు, తుపాకి లేదు. ఒంటికి పోవాలన్న అతి మామూలు సాకు ఒక్కటే ఆయుధం.

కాప్లాన్ ఈ మౌఖిక రూపాన్నే తీసుకున్నాడు. అందుకే అవ్వ మాంసం తినే ఘట్టం ఉంటుంది, అందుకే అది పిల్లలకు చూపించే సినిమా కాదు. అయితే ఆ చీకట్లో పిల్ల ఆలోచిస్తుంది. భయంతో పాటు కుతూహలం ఉంటుంది, కుతూహలంతో పాటు లెక్క ఉంటుంది. ప్రమాదం ఎంత దగ్గరికి వచ్చిందో కొలుచుకుని, ఎప్పుడు ఏ మాట అనాలో తేల్చుకుంటుంది. సినిమాలో నాకు పూర్తిగా మింగుడుపడని సంగతీ ఉంది. కెమెరా ఆ పిల్లను చూసే చూపులో కూడా కొంత తోడేలు ఉందన్న అనుమానం పోలేదు. తోడేలు నాట్యం ఎంత అందంగా ఉందంటే, వేటాడేవాడి మీద మోజు మళ్లీ పుట్టుకొస్తుంది. గోవిందరాజుల వేషం దగ్గర అడిగిన ప్రశ్న ఇక్కడా అడగాల్సిందే. అయినా 12 నిమిషాల సినిమా, వందల ఏళ్లుగా అచ్చు పుస్తకాలు మింగేసిన ఒక తెలివిని తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టింది. తాడు కట్టించుకుని బయటపడ్డ పిల్లకూ, వ్రతం పేరుతో ఫకీరును గుమ్మం దగ్గర ఆపిన బాలనాగమ్మకూ బంధుత్వం ఉంది. ఒకరిది ఒక రాత్రి, ఒకరిది పన్నెండేళ్లు.

ఈ సాకులు, వాయిదాలు కథల్లోనే ఉండేవా? నల్లగొండ చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. నిజాం కాలంలో ఈ జిల్లాలో దేశ్‌ముఖుల గడీలుండేవి. దొర బిడ్డకు పెళ్లయితే ఆమె వెంట అత్తింటికి పేదింటి ఆడపిల్లల్ని పంపేవారు. వాళ్లనే ఆడబాపలన్నారు. ఇంటి చాకిరీకీ, మగవాళ్ల ఇష్టానికీ వాళ్లు కట్టుబడి ఉండాలి. పెళ్లి లేదు, జీతం లేదు, వెనక్కి పోవడం లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు ఆ గడీల నీడ ఎంత పొడుగో తెలుసు. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ నోటితో తాము చెప్పుకున్న పుస్తకం అది. గడీ చుట్టూ ఉన్న గుడిసెల్లో అవ్వలు రాత్రిపూట బాలనాగమ్మ కథ చెప్పినప్పుడు, గట్టు మీది బంగళా, బయటికి రాలేని ఆడమనిషి, ఊళ్లో రాళ్లయి నిలబడ్డ మగవాళ్లు, వినేవాళ్లకు మాయగా తోచి ఉంటాయని నేననుకోను. కనబడే గడీకి కథలో గట్టు అని పేరు. ఎత్తుకుపోయేవాడు ఫకీరూ కాదు, మరాఠీ కూడా కాదు. ఊరి నడుమనే ఉన్నాడు, పన్ను వసూలు చేసేవాడూ వాడే, తీర్పు చెప్పేవాడూ వాడే. పేరు ఎత్తలేని చోట కథ వేరే పేరు పెట్టుకుంది. ఎత్తగలిగిన రోజు వచ్చినప్పుడు, ఇదే జిల్లా నుంచి చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వచ్చారు.

మా అమ్మమ్మ సంగు గురించి అన్న మాట నాకు ఇక్కడే అర్థమైంది. గడీలో ముందొచ్చిన ఆడబాపకూ తర్వాతొచ్చిన ఆడబాపకూ మధ్య పోటీ పెట్టి చూసేది దొర చూపు. ఇద్దరిదీ ఒకటే గోస అని చూసేది గుడిసె చూపు. సినిమాకొచ్చేసరికి సంగు వగలాడి, బాలనాగమ్మ పతివ్రత. మంచి ఆడది, చెడ్డ ఆడది అన్న పాత త్రాసు.

పాలమూరు వైపు ఈ కథకు ఇంకో అర్థం కూడా దొరుకుతుంది. అక్కడ తరతరాలుగా ఆలుమగలు కాలవలు తవ్వడానికి, ఆనకట్టలు కట్టడానికి, నగరాల్లో ఇళ్లు లేపడానికి వలస పోయారు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోయారు. అక్కడి పిల్లలకు బాలవర్ధిరాజు కత్తి పట్టిన వీరుడిగా కాక, మా అమ్మ ఏదని పెద్దమ్మల్ని అడిగే పిల్లవాడుగానే ముందు పరిచయమై ఉంటాడు. తల్లి వదిలేసి పోలేదు, తీసుకుపోయారు, ఆమె నీ కోసమే బతికి ఉంది అని అవ్వ చెప్పే జవాబు కథలో ఒక మలుపు కావచ్చు, వినే పిల్లలకు అది అన్నం లాంటిది. తల్లి లేని ఏడుగురికి సమాధి మీది చెట్టు తిండి పెట్టిన ఘట్టం ఆనా మరచిపోకుండా చెప్పడం కూడా ఇందుకేనేమో. ఆమె తానే ఇంకొకరి బిడ్డల్ని ఆడిస్తూ తన బిడ్డల్ని పోషించుకున్న తల్లి.

ఇవన్నీ తలుచుకున్నప్పుడు, పానగల్లు గుట్టల నేపథ్యంలో ఒక చిన్న సినిమా ఎవరైనా తీస్తే బాగుండునని అనిపిస్తుంది. మాయలక్కరలేదు, ఏడు సముద్రాలక్కరలేదు. ఒక గది, ఒక గుమ్మం, పొద్దుగూకే వేళ, ఇద్దరు ఆడవాళ్లు. వాడు వస్తున్న అడుగుల చప్పుడు. ఈ పూటకు ఏం చెప్పాలి అన్న ఆలోచన. పన్నెండు నిమిషాలు చాలు, ఆ పన్నెండేళ్ల బరువు తెలియడానికి. చిలక సంగతి చివరి ముక్కలో చెప్పుకోవచ్చు. గీత మాత్రం గీయవద్దు. కథ ఎవరి నోట విన్నారో ఆమె పేరు మొదటే వేయాలి.

సినిమా వచ్చేలోగా మనం చేయగల పని ఒకటుంది. ఈ కథను బుర్రకథ దళాల దగ్గరా శారదకాండ్ర దగ్గరా పరిశోధకులు సేకరించారు. ప్రదర్శించేవాళ్ల పాఠాలు కొంతవరకు దొరుకుతాయి. ఇళ్లల్లో ఆడవాళ్లు చెప్పుకున్న పాఠాలు అట్లా దొరకవు, చెప్పినవాళ్లతో పాటే పోతున్నాయి. ఈ పత్రిక చదివే మనలో చాలామందికి ఇంకా ఒక అమ్మమ్మో నాయనమ్మో పెద్దమ్మో మిగిలే ఉంటారు. అడగండి. వాళ్ల కథలో గీత ఉందా, ఉంటే గీసింది ఎవరు? బాలనాగమ్మ వ్రతమన్నదా, కోపపడ్డదా? అన్నిటికన్నా ముఖ్యం, ఫకీరు చచ్చాక, రాళ్లు మనుషులయ్యాక, అందరూ పానగల్లుకు తిరిగి పోతుంటే సంగు ఎక్కడికి పోయింది? మా అమ్మమ్మను ఆ ప్రశ్న అడిగేలోగా ఆమె వెళ్లిపోయింది. మీ ఇళ్లల్లో జవాబు ఉంటే రాసి పంపండి, చెప్పినవాళ్ల పేరుతో సహా.